మే నెలలో బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి చూడండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం మళ్ళీ అదే ఫార్వర్డ్ వచ్చింది. ఈ ఏడాదిలో నాకిది నాలుగోసారి. సారాంశం ఇది: ఈ తరం పిల్లలకు రీల్సే లోకం, లైకు కొడితే ఉద్యమం చేసినట్టే. ఎక్కడో మంచు కరుగుతోందని బాధపడతారు గానీ పక్కింట్లో ఎవరున్నారో తెలియదు. సేవ చేసినా సర్టిఫికెట్ కోసమే. చివర్లో "మా రోజుల్లో అయితే..." అని మూడు చుక్కలు. ఆ చుక్కల్లో ఎవరి జ్ఞాపకాలు వాళ్ళు నింపుకోవాలి కాబోలు. కింద వరసగా బొటనవేళ్ళు.

నేను హైదరాబాద్‌లోనే ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. తొమ్మిదేళ్ళుగా ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ని కూడా. గ్రూపులో జవాబు పెడితే లిఫ్టులో ముఖాలు చూసుకోలేమని ఇక్కడ రాస్తున్నాను.

ముందు సర్టిఫికెట్ సంగతి, ఎందుకంటే అందులో నిజముంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల క్యాంపుకు వెళ్ళాలి. మొదటిరోజే "సార్, ఇది పీజీ అడ్మిషన్‌కి పనికొస్తదా?" అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. అడగనీయండి. ప్రమోషన్‌కి పనికిరాదని తెలిసీ రిఫ్రెషర్ కోర్సుకు వెళ్ళిన లెక్చరర్‌ని నేనింతవరకు చూడలేదు, నన్ను కూడా కలుపుకొని.

అలా అడిగినవాడే ఒకడు, ఖమ్మం వైపు కుర్రాడు, హాస్టల్లో ఉండేవాడు. రెండో ఏడాది ఒకరోజు రాత్రి పదిన్నరకి బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన కబురు వాడికి చెప్పాను. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న ఆరేళ్ళ పాపకు మర్నాడు రక్తం ఎక్కించాలి. వాడు ఇచ్చి రెండు నెలలే అయింది. మగవాళ్ళకు మూడు నెలలు, ఆడవాళ్ళకు నాలుగు నెలలు ఎడం ఉండాలి. వాడు ఒక్కో గది తలుపూ కొట్టి, నిద్రపోతున్నవాళ్ళను లేపి, తెల్లారేసరికి ఇద్దరిని పంపించాడు. ఆ తర్వాతే రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాడు: పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. అట్ట లోపల ఎర్ర ఇంకుతో "టిఫిన్ చేయకుండా వచ్చినోణ్ణి ముందు ఇడ్లీ తిననియ్యండి" అని రాసి ఉంటుంది. సర్టిఫికెట్ ఎప్పుడో తీసుకున్నాడు, మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. నోటుబుక్కు మూడో బ్యాచి చేతికి వచ్చింది. అందులో పేరు రాసినవాళ్ళలో చాలామంది రెండోసారి ఫోన్ ఎత్తరు, ఆ మాటా ఒప్పుకుంటాను. ఎత్తేవాళ్ళతోనే పని నడుస్తోంది.

తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, చాలామందికి జీవితాంతం. వాళ్ళకు సెలవులుండవు. ఇచ్చేవాళ్ళకు ఉంటాయి. ఏటా ఎండాకాలం రాగానే బ్లడ్ బ్యాంకుల్లో కొరత మొదలవుతుంది. ఎండ ఒక కారణం. కాలేజీలు మూసి ఉండటం, క్యాంపులు ఆగిపోవడం, హాస్టళ్ళు ఖాళీ కావడం ఇంకో కారణం. ఈ కాలేజీ పిల్లలకు ఎవరూ పట్టకపోతే, వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిన నెలలోనే ఫ్రిజ్‌లు ఎందుకు ఖాళీ అవుతున్నాయి? ఊళ్ళోనే ఉన్న మనమంతా ఏం చేస్తున్నట్టు?

ఇక ఎక్కడో మంచు గురించి. క్యాంపులో రక్తం తీసుకునే ముందు వేలి మీద సూది గుచ్చి, ఒక బొట్టును మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళలో వేస్తారు. మునిగితే ఇవ్వొచ్చు. తేలితే హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువని అర్థం, ఇంటికి పొమ్మంటారు. పోయిన క్యాంపులో వరసగా ముగ్గురు అమ్మాయిల బొట్లు తేలాయి. మూడో అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. "ఇద్దామని వస్తే నాకే లేదంటున్నారు సార్" అంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఆకలి మీద రెండోది ఉంది కదా, దాని కొలతల్లో ఈ వయసు స్త్రీల రక్తహీనత కూడా ఒకటి. అంటే న్యూయార్క్‌లో రాసుకున్న లక్ష్యం నారాయణగూడలో ఒక పిల్ల వేలి చివర తేలింది. ఆ అమ్మాయి ఇప్పుడు నోటుబుక్కు చూసి ఫోన్లు చేసే పని తీసుకుంది. జూనియర్ల చేత ఐరన్ మాత్రలు మింగించడం కూడా తన డ్యూటీయే అనుకుంటోంది, వాళ్ళు విసుక్కుంటున్నా సరే. దూరమేదో పక్కిల్లేదో ఆ అమ్మాయినే అడగండి.

లైకుల మాటకు ఒక్క ఉదాహరణ చాలు. 2025 ఉగాది నాడు కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగాయి. పండగ సెలవులు. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు పట్టుకెళ్ళారు. మిగిలినవాళ్ళు ఫోన్లలో తీసిన వీడియోలే లోకానికి చూపించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. కృత్రిమ మేధతో చేసిన దొంగ ఫొటోలు కూడా తిరిగాయి, అవి ఉద్యమానికి చెడ్డపేరే తెచ్చాయి. అయినా చూడకుండా ఫార్వర్డ్ చేసే జబ్బుకు వయసుతో పనిలేదు. నా గ్రూపే సాక్ష్యం.

మా రోజుల్లో అయితే... 1969లో తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు మా నాన్న పీయూసీ, అంటే డిగ్రీకి ముందు చదువు. "సదువుకొమ్మని పట్నం పంపిస్తే జెండలు పట్టుకొని తిరుగుతున్నవా" అని తాత రాసిన కార్డు ఇంట్లో ఇంకా ఉంది. ఈ ఫార్వర్డ్‌కు మొదటి ప్రతి అదే అయ్యుండాలి.

రక్తం 18 నుంచి 65 ఏళ్ళ దాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా ఇవ్వొచ్చు. ఫార్వర్డ్ పంపిన పెద్దమనిషికి యాభై రెండు, పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొడతాడు. నిన్న అదే గ్రూపులో పెట్టాను: "కాలేజీకి సెలవులు. బి పాజిటివ్ ఇద్దరు కావాలి, శనివారం. బండి నేనే తెస్తాను." నమస్కారాలు ఏడు వచ్చాయి. "గ్రేట్ వర్క్ సార్" ఒకటి. రాత్రి పదకొండింటికి ఐదో ఫ్లోర్‌లో ఇంటర్ అయిపోయిన పిల్లాడు విడిగా మెసేజ్ పెట్టాడు: "అంకుల్, నాకు పద్దెనిమిది నిండటానికి ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా ఆగొచ్చా?"