తాతగారూ, మీ ఐడీ చూపిస్తారా?

ఇక్కడ డాలస్‌లో మన తెలుగు సంఘం మొన్న పెట్టిన సంక్రాంతి బాంక్వెట్‌కు వచ్చినవాళ్లందరికీ ఆ గొడవ తెలుసు. రానివాళ్లకు ఆ రాత్రే వాట్సాప్ గ్రూపుల్లో తెలిసిపోయింది. తెలిసినదాంట్లో సగం తప్పు. వరసలో ఆ పెద్దాయన వెనకే నిలబడ్డదాన్ని కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

బార్ వైపు వెళ్లే దారిలో ఒక బల్ల. బల్ల వెనక మన తెలుగు బడిలో చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు. అమెరికాలో మందుకు 21 నిండాలి, ఆ పిల్లకే ఇంకా నిండలేదు. వచ్చినవాళ్ల ఐడీ చూసి చేతికి పచ్చ పట్టీ కట్టడం తన పని. ఎవరినీ వదలొద్దని, ఏదైనా తేడా వస్తే బార్ నడుపుతున్న కేటరర్ లైసెన్సుకే ముప్పని ఈసీ, అంటే సంఘం కార్యవర్గం వాళ్లే సాయంత్రం చెప్పి మరీ కూర్చోబెట్టారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన వంతు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తల ముగ్గుబుట్ట. ఆ అమ్మాయి లేచి నిలబడి, "తాతగారూ, మీ ఐడీ ఒకసారి చూపిస్తారా?" అంది.

ఆయన జేబులు తడుముకున్నారు. పాస్‌పోర్టు ఇంట్లో సూట్‌కేసులో ఉండిపోయింది. పక్కనున్న కొడుకు మండిపడ్డాడు. "నోటితో తాతగారూ అంటావు, మళ్లీ 21 నిండాయా అని అడుగుతావా? మర్యాద నేర్పలేదా మీ ఇంట్లో?" వరసలో నలుగురు నవ్వారు. ఆ నవ్వుకు పిల్ల మొహం మాడిపోయింది. ఈసీ పెద్ద ఒకరు పరిగెత్తుకొచ్చి ఆయన చేతికి తానే పట్టీ కట్టి, "సారీ చెప్పమ్మా, పెద్దవారు" అన్నారు. చెప్పింది. రెండుసార్లు చెప్పి, లేచి రెస్ట్‌రూమ్ వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత బల్ల దగ్గర ఎవరూ లేరు. పట్టీల చుట్ట అక్కడే పడి ఉంది. ఎవరికి వాళ్లు చింపుకుని కట్టుకున్నారు, ఎవరి వయసెంతో చూసేవాళ్లు లేరు.

ఆ పెద్దాయన మాత్రం బార్ వైపు వెళ్లనే లేదు. పట్టీ చేతికి ఉండగానే కొడుకు పక్కన కూర్చుని, తలెత్తకుండా భోజనం ముగించారు. ఆయన్ను నొప్పించింది ఆ ప్రశ్నో, కొడుకు కేకలో నేను చెప్పలేను. నేను మాత్రం నోరు మెదపలేదు. అదే నన్ను ఇన్నాళ్లుగా తొలుస్తోంది.

ఆ కొడుకు బాధ నాకు అర్థం కాదనుకోవద్దు. మా నాన్న సర్టిఫికెట్లలో పుట్టిన తేదీ జూలై 1. బళ్లో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ అది. మా నానమ్మ లెక్కలో ఆయన పుట్టింది కార్తీకంలో, పెద్ద గాలివాన వెలిసిన మూడో రోజు. ఆ తరంలో ఇలా కాగితం మీద జూన్ 1నో జూలై 1నో పుట్టినవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో! తేదీ తెలియకపోయినా వాళ్ల పెద్దరికాన్ని ఎవరూ శంకించలేదు. వాళ్లు గుమ్మంలోకి వస్తే కుర్చీలోంచి లేచేవాళ్లం. అలాంటి మనిషిని వయసు రుజువు చేసుకోమంటే, బతికిన బతుకంతా ఎవరో నమ్మడం లేదన్నట్టు ఉంటుంది.

చట్టం వైపు నుంచి చూసినా ఆయన కొడుకు మాటలో కొంత న్యాయం ఉంది. టెక్సస్‌లో 21 నిండనివాళ్లకు మందు అమ్మకూడదు గానీ, ప్రతి ఒక్కరి ఐడీ చూసి తీరాలని చట్టం చెప్పదు. అందరినీ అడగడం షాపులూ కేటరర్లూ తమ జాగ్రత్త కోసం పెట్టుకున్న నియమం. ఇండియానాలో అయితే 2010లో, ఇంటికి కొనుక్కెళ్లే మందుకు ప్రతివారి ఐడీ చూడాలని చట్టమే చేశారు. తల నెరిసినవాళ్లు అక్కడా చిన్నబుచ్చుకున్నారు. మరుసటి ఏడే దాన్ని, చూడటానికి 40 లోపు ఉన్నవాళ్లకని సడలించారు. కాబట్టి ఈ నొప్పి ఒక్క మనదే కాదు.

ఇక బల్లకు అవతలివైపు సంగతి. మా వదిన, అంటే మా ఆయన అక్క, ఊళ్లో టీచరుగా చేసి గ్రీన్ కార్డు మీద ఇక్కడికి వచ్చింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో సాయంత్రం షిఫ్టుకు చేరింది. టెక్సస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్, మనందరి నోట్లో టీఏబీసీ, గుర్తించిన సెల్లర్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్‌ను ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. అమెరికాలో తాను సంపాదించుకున్న మొదటి కాగితం అది.

ఒక శుక్రవారం రాత్రి కౌంటర్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారట. ఐడీ అడిగినందుకు ఒకాయన ఆమె యాసను వెక్కిరించి, బీరు అక్కడే వదిలేసి వెళ్లాడు. వెనకాలవాళ్లు విసుక్కుంటున్నారు. ఆ వెంటనే వచ్చినవాడు ఎత్తుగా, భుజాలు విశాలంగా ఉన్న కుర్రాడు. సిక్స్ ప్యాక్ బీరు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇందాకటి మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. వీణ్ణి అడగలేకపోయింది. డబ్బు తీసుకుని చిల్లర ఇచ్చింది. రెండు నిమిషాల్లో బ్యాడ్జీ చూపిస్తూ అధికారి లోపలికి వచ్చాడు. అమ్మేవాళ్లు అడుగుతున్నారో లేదో చూడటానికి 21 నిండని పిల్లల్ని అలా పంపుతారు. ఆ కుర్రాడు వాళ్లు పంపినవాడే.

21 నిండనివాళ్లకు అమ్మడం టెక్సస్‌లో క్లాస్ ఏ మిస్‌డిమీనర్ అనే నేరం. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. ఇదంతా ఓనర్ తలనొప్పి అనుకుంటాం. కేసు పడేది గల్లా దగ్గర నిలబడ్డ మనిషి మీద. ఫ్రిజ్ మీది సర్టిఫికెట్ ఓనర్ లైసెన్సును కాపాడింది గానీ మా వదినను కాదు. ఉద్యోగం ఆ రాత్రే పోయింది. ఎనిమిది నెలలు లాయరు చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాక కేసు కొట్టేశారు. ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత ఆమె పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు నింపుతుంటే, ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు పెట్టారా అన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. కొట్టేసిన కేసైనా అవుననే రాయాలి, కోర్టు కాగితాలు జతచేయాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, ఎవరిచేతా ఒక మాట అనిపించుకోని మనిషి ఇంటర్వ్యూ ముందు వారమంతా సరిగా అన్నం తినలేదు.

ఒక్క ఐడీ అడగనందుకు.

డాలస్ చుట్టుపక్కల గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ స్టోర్లు నడిపే మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ రాత్రి స్పాన్సర్ టేబుళ్ల దగ్గర కొందరు కూర్చునే ఉన్నారు. తమ స్టోర్‌లో క్లర్కు ఎలా ఉండాలని కోరుకుంటారో, ఆ పిల్ల అచ్చం అలాగే ఉంది. వాళ్లయినా లేచి ఆ మాట అని ఉండాల్సింది.

ఈ 21 అనే అంకె ఆఫీసు గదుల్లో ఊరికే పుట్టలేదు. 1970లలో చాలా రాష్ట్రాలు తాగే వయసు తగ్గించాయి, టెక్సస్ కూడా 18కి దించింది. వయసు తక్కువున్న పక్క రాష్ట్రానికి కారులో వెళ్లి, తాగి తిరిగొస్తూ దారిలోనే పోయిన పిల్లలున్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఊరుకోలేదు. 1984 జూలై 17న ప్రెసిడెంట్ రీగన్ సంతకం చేసిన చట్టం, వయసును 21కి పెంచని రాష్ట్రాలకు హైవే నిధులు కోస్తామంది. టెక్సస్ 1986 సెప్టెంబర్ 1న మారింది. పొగాకుకు 2019 డిసెంబర్ నుంచి దేశమంతటా అదే వయసు. 2024 సెప్టెంబర్ 30 నుంచి, 30 ఏళ్ల లోపు ఎవరు పొగాకు కొన్నా ఫొటో ఐడీ చూడాల్సిందే.

మన దగ్గర చట్టం లేక కాదు. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మందు కొనడానికి 21 నిండాలి. 18 నిండనివాళ్లకు సిగరెట్లు అమ్మకూడదని 2003లోనే చట్టం వచ్చింది. అడిగే నోరు లేదు. మా చిన్నప్పుడు ఆ చట్టమూ లేదు. మా బాబాయికి సిగరెట్లు తెచ్చిపెట్టేవాడు మా తమ్ముడు, ఏడేళ్లవాడు. కిళ్లీ కొట్టాయన పెట్టె చేతిలో పెట్టి, చిల్లరతో పాటు ఒక పిప్పరమెంటు ఇచ్చేవాడు. చూసి ఇంటిల్లిపాదీ ముచ్చటపడేవాళ్లం. పదమూడో ఏట వాడు తన కోసం కొనుక్కున్నాడు. అదే కొట్టులో, అదే నవ్వుతో ఇచ్చారు. మావాడే కదా, ఏం అడుగుతాం! ఇవాళ మా తమ్ముడు ఒక అంతస్తు మెట్లెక్కాలంటే మధ్యలో ఆగుతాడు. దాన్ని ఆప్యాయత అనడం నేను మానేసి చాలా ఏళ్లయింది.

పోయిన నెల మా ఆయనకు జలుబు చేస్తే ముక్కు దిబ్బడకు మాత్రలు తేవడానికి వెళ్లాం. సూడోఎఫెడ్రిన్ ఉన్న మందులు కౌంటర్ వెనకే పెట్టాలని 2006 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, దానితో మత్తుమందు వండుతారని. యాభై దాటిన మనిషి ఐడీ తీసిచ్చి, సంతకం పెట్టి, థాంక్యూ చెప్పి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో బూట్లు విప్పమంటే ఇన్నేళ్లూ విప్పాం. నలభై దాటాక గ్రోసరీ స్టోర్ క్యాషియర్ ఐడీ అడిగితే, ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పుకున్న స్నేహితురాళ్లున్నారు నాకు. అదే మాట మన పిల్ల, మన భాషలో, లేచి నిలబడి, మనం నేర్పిన వరసతో పిలిచి అడిగితే మనకు పౌరుషం వచ్చింది. ముక్కూమొహం తెలియని క్యాషియర్‌కు ఇచ్చే మన్నన మన పిల్లకు ఇవ్వలేకపోయాం.

ఈసీ వాళ్లకు నా విన్నపం. నియమం పెట్టింది మీరు. అమలు చేసినందుకు ఆ పిల్లచేత సారీ చెప్పించకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఆమెకు సారీ చెప్పాల్సింది మీరే, నలుగురిలోనే చెప్పాలి, ఎందుకంటే అవమానం నలుగురిలోనే జరిగింది. అందరి ఐడీ చూస్తామని ఆహ్వానంలోనే పెద్ద అక్షరాలతో వేయండి. పెద్దవాళ్లు వరసలో నిలబడకుండా పక్కన కుర్చీలు వేయించండి, వాళ్ల దగ్గరికే వెళ్లి అడగండి. బల్ల దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలకండి. ఎవరైనా గొంతు పెంచితే మాట పడటానికి మీలో ఒకరు ముందుండండి.

ఆ అమ్మాయి వాళ్లమ్మతో మాట్లాడాను. ఉగాదికి వాలంటీరుగా రానంటోందట. అసలు హాలుకే రానంటోందట. నేను వెళ్లి అడుగుతాను, ఆ రోజు మాట్లాడనందుకు క్షమించమని కూడా అడుగుతాను. వస్తే ఆమె పక్కన కూర్చుంటాను. రాకపోతే ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను. మీరు బయల్దేరేటప్పుడు అమ్మానాన్నల పాస్‌పోర్టులు గుర్తుపెట్టుకుని మీ జేబులో వేసుకోండి.