ఆస్టిన్ పెట్టుకున్న గడువులు, దాటిపోయిన గడువులు

టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగర పరిధిలో సొంత ఇల్లున్న కుటుంబానికి నెలకొకసారి నగరపాలక సంస్థ నుంచి బిల్లు వస్తుంది. కరెంటు, మంచినీళ్లు, మురుగునీటి పారుదల, చెత్త సేకరణ, వాననీటి కాలువల నిర్వహణ, చివరికి వీధుల మరమ్మతు రుసుము కూడా ఆ ఒక్క బిల్లులోనే ఉంటాయి. ఇక్కడి తెలుగువాళ్లం మనలో చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి, కిందటి నెలకంటే పెరిగిందా తగ్గిందా అని మాత్రం గమనించి, ఆన్‌లైన్‌లో కట్టేసి మరచిపోతాము. పర్యావరణం విషయంలో ఈ నగరం ఏమి సాధించిందో, ఎక్కడ చతికిలబడిందో తెలుసుకోవడానికి రంగురంగుల వార్షిక నివేదికలకంటే ఆ బిల్లే నమ్మదగిన ఆధారమని నా అభిప్రాయం. పగ్గాలు నగరం చేతిలో ఉన్నచోట పని జరిగింది. పగ్గాలు మరొకరి చేతిలో ఉండగా నగరం తేదీ మాత్రం ప్రకటించిన చోట ఆ తేదీ వచ్చి వెళ్లిపోయింది.

కరెంటుతో మొదలుపెడతాను. టెక్సాస్‌లో చాలా ప్రాంతాల్లో వినియోగదారుడే ఏదో ఒక ప్రైవేటు కంపెనీని ఎంచుకోవాలి. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మన బంధువులు గడువు తీరినప్పుడల్లా కొత్త ప్లాన్ వెతుక్కునే తంటా మనకు తెలిసిందే. ఆస్టిన్‌లో విద్యుత్ సంస్థ 1895 నుంచి నగరానికి సొంతం. ఇక్కడివారికి కంపెనీని మార్చుకునే వీలు లేదు గాని, కరెంటు దేనితో తయారు కావాలో, ఎంత ధరకు అమ్మాలో నిర్ణయించే అధికారం నగర ఓటర్లు ఎన్నుకున్న కౌన్సిల్‌కే ఉంది. ఆ అధికారాన్ని నగరం కొంతవరకు బాగానే వాడుకుంది. ఇళ్ల నిర్మాణానికి పర్యావరణ ప్రమాణాల ప్రకారం రేటింగ్ ఇచ్చే కార్యక్రమాన్ని 1991లోనే ప్రారంభించింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. పదేళ్లు దాటిన ఇంటిని అమ్మదలచినవారు విద్యుత్ వాడకంపై తనిఖీ చేయించి, ఆ నివేదికను కొనేవారికి చూపించాలన్న నిబంధన 2009 నుంచి అమలులో ఉంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబుల పద్ధతి మన ఊళ్లలో లాగే ఇక్కడా ఉంది. డెకర్ సరస్సు దగ్గర గ్యాసుతో నడిచే పాత ఆవిరి యూనిట్లలో ఒకదాన్ని 2020లో, రెండోదాన్ని 2022లో మూసివేశారు.

ఇంత చేసిన సంస్థ ఫాయెట్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. నగరానికి ఆగ్నేయంగా, లా గ్రేంజ్ ఊరి దగ్గర ఉన్న ఈ బొగ్గు విద్యుత్ కేంద్రంలో మూడు యూనిట్లు ఉన్నాయి. 1979, 1980 సంవత్సరాల్లో మొదలైన మొదటి రెండింటిలో ఆస్టిన్‌కు సగం వాటా, అంటే సుమారు 600 మెగావాట్లు, ఉంది. మిగతా సగం లోయర్ కొలరాడో రివర్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థది. వయోమింగ్ నుంచి రైళ్లలో బొగ్గు తెప్పించుకుని మండించే ఆ కేంద్రమే మన విద్యుత్ సంస్థ వాతావరణంలోకి వదిలే కర్బనంలో అతి పెద్ద వాటాకు కారణం. 2022 చివరికల్లా తన వాటాను మూసివేస్తానని నగరం 2020 ప్రణాళికలో రాసుకుంది. 2021 నవంబరులో, భాగస్వామితో ఒప్పందం కుదరలేదని ప్రకటించి ఆ మాటను పక్కన పెట్టింది. ఉమ్మడి ఆస్తిలో ఒక అన్నదమ్ముడు తన వాటా తెగనమ్ముకుని బయటపడదామనుకుంటే రెండోవాడు ఒప్పుకోని తగవును మనకు ఎవరూ వివరించనక్కరలేదు. అయితే పొలం పంపకానికి దిగేవాడు ముందు దస్తావేజు చదువుకుంటాడు; ఊళ్లో చాటింపు ఆ తరువాతి పని. భాగస్వామి సమ్మతి లేకుండా ఆ యూనిట్లను ఆపడం సాధ్యం కాదన్న సంగతి 2020లో గడువు రాసినవారికి తెలియనిది కాదు.

న్యాయంగా చెప్పాలంటే ఈలోగా సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బొగ్గు కరెంటును మార్కెట్‌లో అమ్మే ధరకు కర్బన ఖర్చును కూడా కలిపి, తద్వారా ఆ యూనిట్లు తక్కువ గంటలు నడిచేటట్లు చేసే పద్ధతిని అదే ప్రణాళికలో ప్రవేశపెట్టింది. మూసివేత అంత ఘనంగా కనిపించకపోయినా, ఇది తన చేతిలో ఉన్న పగ్గం కాబట్టి పనిచేసింది. 2024 డిసెంబరులో ఆమోదించిన కొత్త ప్రణాళిక కూడా 2035 నాటికి పూర్తిగా కర్బన రహిత విద్యుత్ అన్న లక్ష్యాన్ని నిలుపుకుంది. పాఠకులు గమనించవలసిన మాట ‘కర్బన రహిత’. దక్షిణ టెక్సాస్ అణు విద్యుత్ కేంద్రంలో నగరానికి 16 శాతం వాటా ఉంది. గాలి, ఎండలతో పాటు ఆ అణువిద్యుత్తునూ ఈ లెక్కలో కలుపుతారు. నాకు దానిపై అభ్యంతరం లేదు గాని, ‘పునరుత్పాదకం’ అన్న మాటను, ‘కర్బన రహితం’ అన్న మాటను ఒకదాని బదులు ఒకటి వాడే కరపత్రాలను చూసినప్పుడు మాత్రం చిరాకు కలుగుతుంది.

ఇక చెత్త సంగతి. 2040 నాటికి పూడ్చివేతకు పోయే చెత్తను దాదాపు లేకుండా చేయాలని నగరం సంకల్పించి, 2011 ప్రణాళికలో మధ్యలో మైలురాళ్లు పాతింది: 2015కు 50 శాతం, 2020కి 75 శాతం చెత్త పూడ్చివేతకు పోకుండా మళ్లించాలి. 2015లో లెక్క చూస్తే 42 శాతం దగ్గర ఉంది. 2020 మైలురాయి కూడా అందలేదు. ఇక్కడ భాగస్వాముల తగాదా లేదు, రాష్ట్రం అడ్డుపడలేదు. నగరం చెత్త సేకరించే ప్రతి ఇంటికీ గోధుమరంగు (మామూలు చెత్తకు), నీలం (రీసైక్లింగ్‌కు), ఆకుపచ్చ (కుళ్లే చెత్తకు) బండ్లు, అంటే చక్రాల తొట్టెలు, మూడూ ఉన్నాయి. గోధుమరంగు బండి నాలుగు పరిమాణాల్లో దొరుకుతుంది. 24 గ్యాలన్లది తీసుకున్నవారికి 96 గ్యాలన్లదానికంటే రుసుము తక్కువ. కొన్ని వేల ఇళ్లతో ప్రయోగంగా మొదలైన ఆకుపచ్చ బండి 2021 నాటికి నగరం చెత్త సేకరించే ఇళ్లన్నిటికీ చేరింది. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, చారులోంచి ఏరి పక్కన పెట్టిన కరివేపాకు, మిగిలిన పప్పు, కోడి ఎముకలు, చేయి తుడుచుకున్న కాగితం అన్నీ అందులో వేయవచ్చు. వారానికొకసారి వచ్చి తీసుకుపోయి ఎరువు చేస్తారు. అయినా మా వీధిలో ఆ బండిని గురువారం బయట పెట్టేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నిరుడు వేసవిలో మా అత్తగారు వచ్చినప్పుడు, ‘మా ఊళ్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయకపోతే బండివాడు ఎత్తడు, ఇక్కడ మీకు ఇంత సదుపాయం ఉండి ఈ బద్ధకమేమిటి’ అని అడిగారు. ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను.

జవాబులో కొంత భాగం అపార్ట్‌మెంట్లలో ఉంది. నగరం బండ్లు నాలుగు గడపల వరకు ఉన్న భవనాలకే వస్తాయి. పెద్ద అపార్ట్‌మెంట్లు ప్రైవేటు లారీలను కుదుర్చుకుంటాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, ఇల్లు కొనేముందు నాలుగైదేళ్లు అద్దెకుండే మన కుటుంబాలు అక్కడే ఉంటాయి. రీసైక్లింగ్ ఏర్పాటు చేయాలన్న నిబంధన ఆ యజమానులకు 2012 నుంచి దశలవారీగా వచ్చింది. కుళ్లే చెత్తకు వేరు ఏర్పాటు మాత్రం 2024 అక్టోబరులో గాని తప్పనిసరి కాలేదు. అంటే అద్దెకున్నంత కాలం అన్నీ ఒకే తొట్టెలో పడేయడం అలవాటై, ఆ అలవాటుతోనే సొంతింట్లోకి వస్తాము. అలవాటు పడే వయసులో లేని నిబంధన తరువాత వచ్చినా ఆలస్యమే. నగరం 2015, 2020 గడువులు తప్పడానికి నాకు కనిపించే ముఖ్య కారణం ఇది.

మన తెలుగు సంఘం కూడా ఇందులో కడిగిన ముత్యమేమీ కాదు. ఉగాది భోజనాలైన తరువాత బడి హాలు వెనక నిలబడి చూసినవారికి తెలుసు: ప్లాస్టిక్ పళ్లేలు, సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలు, పులిహోర, అరటి తొక్కలు అన్నీ ఒకే నల్ల సంచిలో. విస్తరాకులో తిని ఆ ఆకును పెంటపోగులో వేసి మరుసటి ఏడు పొలానికి తోలిన వాళ్ల మనుమలం మనం. మూడు తొట్టెలు పెట్టి, ఒక్కొక్కదాని దగ్గర ఒక పిల్లవాణ్ని నిలబెట్టడానికి కార్యవర్గ తీర్మానం కూడా అక్కరలేదు.

నగరం చేతులు రాష్ట్రం కట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. 2013 మార్చి నుంచి దుకాణాల్లో పలుచని ప్లాస్టిక్ సంచులు ఇవ్వకుండా ఆస్టిన్ నిషేధం పెట్టింది. అయిదేళ్లు నడిచింది. 2018 జూన్‌లో లారెడో నగరపు ఇటువంటి నిషేధం చెల్లదని టెక్సాస్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆస్టిన్ కూడా తన నిషేధాన్ని అమలు చేయడం మానుకుంది. కొత్త ఇళ్లలో గ్యాసు వాడరాదని ఏ నగరమూ నియమం పెట్టకుండా 2021లో రాష్ట్ర చట్టం వచ్చింది. 2040 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలని కౌన్సిల్ 2021 సెప్టెంబరులో ఆమోదించిన వాతావరణ ప్రణాళికను చదివేటప్పుడు ఈ కట్లు గుర్తుంచుకోవాలి.

నీటి విషయంలో మాత్రం ఆస్టిన్‌ను మనసారా మెచ్చుకుంటాను, ఎందుకంటే అక్కడ పని నడిపినవారు జనం. బార్టన్ స్ప్రింగ్స్ ఊటలో ఏడాది పొడుగునా నీరు 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటుగా చల్లగా ఉంటుంది. నగరానికి నైరుతి దిక్కున సున్నపురాయి నేలలో ఇంకిన వానే భూగర్భ జలాశయం గుండా వచ్చి అక్కడ పైకి పొంగుతుంది. ఆ నేల మీద ఇళ్లు, రోడ్లు పరిస్తే ఊట చెడుతుంది. 1990 జూన్ 7న బార్టన్ వాగు వెంట నాలుగు వేల ఎకరాల భారీ నిర్మాణ పథకం కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు వందల మంది వరుసలో నిలబడి రాత్రంతా మాట్లాడారు. తెల్లవారుజామున కౌన్సిల్ దాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది. 1992 ఆగస్టులో పౌరులే ఓటు వేసి, ఆ పరీవాహక ప్రాంతంలో కాంక్రీటు, తారు వంటి నీరు ఇంకని కప్పు చోటునుబట్టి 15 నుంచి 25 శాతం మించకూడదన్న శాసనం తెచ్చుకున్నారు. ఈనాటికీ మన బిల్లులోని వాననీటి కాలువల రుసుము ఇంటి ఆవరణలో నీరు ఇంకని భాగం ఎంతో చూసి లెక్కకడతారు. పెరడంతా సిమెంటు పరిచి దాని మీద షామియానా వేసుకునే మన మోజుకు ప్రతి నెలా పడే జరిమానా అది.

నగరం మరుగుదొడ్ల నుంచి వచ్చే మడ్డిని, చెట్ల కొమ్మలు, ఆకులతో కలిపి ఎరువుగా చేయడం 1989లో మొదలుపెట్టింది. ఒంటి మీద పెంకు ఉండే అర్మడిల్లో అనే జంతువు పేరు మీద ‘డిల్లో డర్ట్’ అని దానికి ముద్దు పేరు. 2009లో జిల్కర్ పార్కులో పచ్చిక కింద ఆ ఎరువు వేసిన కొత్తలో సంగీతోత్సవానికి వాన పడి, వేలమంది ఆ బురదలో, ఆ వాసనలో తడిసి ముద్దయ్యారు. ఎరువుకు గాని, విధానానికి గాని అందులో దోషం లేదు. ముహూర్తమే బాగులేదు. 2023 ఆగస్టులో పచ్చికకు వారానికి ఒక్కరోజే నీళ్లు పెట్టాలన్న ఆంక్ష వచ్చినప్పుడు మన పెరటి గోంగూరకు, బీరపాదుకు ఏ ఇబ్బందీ కలగలేదు; చేత్తో గొట్టం పట్టుకుని పోసే నీటికి ఆంక్ష లేదు. ఆ ఏడాది 80 రోజులు వంద డిగ్రీలు దాటాయి.

రైలు గురించి రెండు మాటలు. 2020 నవంబరులో ఓటర్లు ఆమోదించినప్పుడు రెండు దారులుగా గీసిన లైట్ రైలు, 2023 నాటికి ఖర్చు పెరిగి 9.8 మైళ్లకు కుదించుకుపోయింది. కౌన్సిల్‌ను తిట్టడం సులభమే గాని, శివారు ఊరు లియాండర్ నుంచి నగరం నడిబొడ్డుకు 2010 నుంచి నడుస్తున్న రైలును వాడుకునే తెలుగువారు ఎందరున్నారో చూసుకుని తిట్టడం మర్యాద.

మనలో పెద్ద భాగం లియాండర్, సీడార్ పార్క్, రౌండ్ రాక్‌లలో, అంటే నగర హద్దుకు అవతల ఉంటుంది. వారికి ఆస్టిన్ బిల్లు రాదు, ఆస్టిన్ ఓటు లేదు. హద్దు లోపల ఉన్నవారిలో వీసాల మీద ఉన్నవారికీ ఓటు లేదు. దీన్నే సాకుగా చెప్పి దశాబ్దాలుగా కౌన్సిల్ గడప తొక్కకుండా ఉన్నాము. కౌన్సిల్ ముందు మాట్లాడడానికి పౌరసత్వ పత్రం ఎవరూ అడగరు. పేరు నమోదు చేసుకుంటే చాలు, రెండో వీధిలోని సిటీ హాలుకు వెళ్లలేనివారు ఫోనులో అయినా మాట్లాడవచ్చు. 1990లో ఆ రాత్రి వరుసలో నిలబడినవారిలో చాలామందికి బార్టన్ వాగు ఒడ్డున సెంటు భూమి కూడా లేదు.

నగర ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ మీద జనం మాట వినే సమావేశాలు వేసవిలోనే జరుగుతాయి. ఈసారి నేను పేరు ఇస్తున్నాను. ఫాయెట్‌లో మన సగం వాటా వదిలించుకోవడానికి భాగస్వామి ఏ షరతులు పెట్టింది, వాటిలో ఏవి నగరానికి భారమనిపించాయి, ఆ భారాన్ని మన బిల్లు మీద వేస్తే నెలకు ఎంత పడుతుంది అని అడగబోతున్నాను. ఆ మొత్తం తెలిస్తే కట్టడానికి ఇష్టమో కాదో చెప్పగలము. బిల్లు కట్టే తెలుగు కుటుంబాల్లో ఎవరైనా నాతో రాదలచుకుంటే కారులో ఇంకా నలుగురికి చోటుంది.