‘వచ్చే వారం పడతాయి’

నేనూ అతనూ విడిపోయామని తెలిసిన దగ్గర్నుంచి బంధుమిత్రులు ఎవరికి తోచిన కారణం వారు చెబుతున్నారు. అతనికి నా రాతపని అంటే చిన్నచూపని కొందరు, నాకు నికరమైన ఉద్యోగం లేకపోవడమే కొంప ముంచిందని మరికొందరు తేల్చేశారు. రెండూ నిజం కావు. ఫ్రీలాన్స్ రచయిత్రిగా ఏడాది మొత్తం మీద నేను సంపాదించేది ఒక మోస్తరు ఉద్యోగి జీతానికి తీసిపోదు. అతను నా పనిని తక్కువ చేసి మాట్లాడలేదు సరికదా, నేను రాసిన సబ్‌టైటిళ్లలో అచ్చుతప్పులు కూడా పట్టిపెట్టేవాడు. మమ్మల్ని విడదీసింది ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో ఎవరూ చెప్పలేకపోవడమే.

ఈ వృత్తిలో లేనివారి కోసం కొంత వివరంగా చెబుతాను. పని పూర్తిచేసి ఇన్‌వాయిస్ పంపాక మొదటి నెలంతా ‘ప్రాసెస్‌లో ఉంది మేడం’ అంటారు. రెండో నెలలో సార్ సంతకం కావాలంటారు, ఆ సార్ ఎప్పుడూ ఊళ్లో ఉండరు. ఈలోగా మార్చి వస్తే ‘ఇయర్ ఎండింగ్ కదండీ, ఏప్రిల్‌లో చూద్దాం’ అంటారు, ఏప్రిల్‌లో అకౌంట్స్‌లోకి కొత్తగా వచ్చినాయన ఇన్‌వాయిస్ మళ్లీ పంపమంటాడు. చివరికి డబ్బు వేసినప్పుడు పది శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసుకునే ఆదాయపు పన్ను) మాత్రం మరిచిపోకుండా పట్టుకుంటారు, పట్టుకున్నది మన పాన్ మీద జమ చేశారో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్ తెరిచి చూసుకునే పూచీ మళ్లీ మనదే.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ‘ఉద్యమ్’ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు ఎంత పెద్ద సంస్థ అయినా 45 రోజులకు మించకుండా చెల్లించాలనీ, రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే ఆ గడువు 15 రోజులేననీ, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ) చెబుతోంది. నమోదుకు రుసుము లేదు, సేవలు అందించేవారూ చేసుకోవచ్చు. గడువు దాటించిన బకాయిని నిజంగా చెల్లించేదాకా, చెల్లించాల్సిన సంస్థ తన పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధనను కూడా బిగించారు. అయితే చక్రవడ్డీ అడిగిన రచయితకు మళ్లీ పని ఇచ్చే ఏజెన్సీ నాకింతవరకు తారసపడలేదు, అది వాళ్లకూ తెలుసు కాబట్టే మన ఇన్‌వాయిస్ అంత నింపాదిగా పడి ఉంటుంది.

ఇప్పుడు మా సంగతికి వస్తాను. ఇద్దరం కలిసి హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు ఒక ఫ్లాట్ చూసుకున్నాం. బ్యాంకువాళ్లు అతన్ని జీతం స్లిప్పులూ, జీతంలోంచి కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే ఫారం 16 మాత్రమే అడిగారు, నన్ను మాత్రం గత సంవత్సరాల రిటర్నులూ ఖాతా స్టేట్‌మెంట్లూ తెమ్మని, అవన్నీ చూశాక ఒక నెలలో అంత, మరో నెలలో సున్నా ఏమిటని అడిగారు. అక్కడిదాకా ఇద్దరం నవ్వుకున్నాం. బిల్డరుకు కట్టాల్సిన వాయిదాలో నా వాటా దగ్గరే మాట తేడా రావడం మొదలైంది. ‘వచ్చే వారం పడతాయి’ అని అకౌంట్స్ ఆయన నాతో అన్న మాటే నేను అతనితో అనేదాన్ని. అతనికి మాత్రం ఆ మాట నా నోటి నుంచే వినిపించేది, కనుక అది తప్పిన ప్రతిసారీ మాట తప్పింది నేనే అయ్యేదాన్ని. నెల ఆఖరి రోజున జీతం పడే మనిషికి తేదీ అంటే తేదీయే. ‘నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననడం లేదు, కానీ నీ మాట నమ్ముకుని నేనెవరికీ మాటివ్వలేకపోతున్నాను’ అని అతనన్నప్పుడు నా దగ్గర సమాధానం లేదు. అతన్ని డబ్బు మనిషి అంటున్నవారు దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. నా స్థానంలో మగవాడుంటే ‘ఏ పనీ లేదట’ అని సంబంధం చూడడానికే ఎవరూ వచ్చేవారు కాదు. ఆడపిల్లను కాబట్టి ‘ఇంటిపట్టునే ఉండి నాలుగు రాళ్లు సంపాదించుకుంటుంది’ అని మా పెద్దమ్మ ఇప్పటికే కొత్త సంబంధాలు వెతకడం మొదలుపెట్టింది.

ఉద్యోగస్తులు ఇలాంటి సమయంలో సెలవు పెట్టుకుంటారు. మేము విడిపోయిన వారంలోనే నేను ఒక నగల దుకాణానికి ప్రేమికుల రోజు ప్రకటన రాసివ్వవలసి వచ్చింది. ‘నూరేళ్ల బంధానికి తొలి మెరుపు’ అని రాస్తే, ‘నూరేళ్లు’ పాతకాలపు మాటలా ఉంది, ‘ఎప్పటికీ’ అని మార్చమన్నారు. మార్చి పంపాను. ఆ డబ్బు ఇంకా పడలేదు.

ఇటీవల ఒక వెబ్ పత్రిక వారు బ్రేకప్ కథలను జనం బాగా చదువుతున్నారని, నా అనుభవాన్ని పేర్లు మార్చి రాసిమ్మని అడిగారు. ఇక్కడ నేను డబ్బు తేదీల మేరకే చెప్పాను. అంతకు మించి చెప్పాలంటే అందులో అతని వాటా కూడా ఉంటుంది, దాన్ని అమ్ముకునే హక్కు నాకు లేదు. పైగా పారితోషికం ప్రచురణ తర్వాత అరవై రోజులకట. మరో విషయం మీద రాసిస్తాననీ, సగం ముందుగా ఇవ్వాలనీ జవాబు పంపితే, ముందస్తు చెల్లింపులకు తమ పాలసీ ఒప్పుకోదన్నారు.