కాటా దగ్గర నిలబడి చూస్తేనే తెలిసేది

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ 2018లో తన శాప్ (కంపెనీ కొనుగోళ్లు, నిల్వలు, లెక్కలు అన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టును ఆపేసింది. ఏడేళ్ల పని అది. దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని అక్కడి పత్రికలు రాశాయి. కారణాలు చాలా చెప్పారు గానీ ఎక్కువగా వినిపించింది ఒకటి. లిడ్ల్ తన సరుకు నిల్వను కొన్న ధరకు లెక్కగడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండేది అమ్మే ధర లెక్క. కంపెనీ తన పద్ధతి మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే మారుస్తూ పోయారు.

ఈ కథ నాకు పదే పదే గుర్తొస్తుంది. అమీర్‌పేటలో కోర్సు చేసి శాప్ కన్సల్టెంట్లయిన మన పిల్లలకు కాన్ఫిగరేషన్, అంటే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీకి తగ్గట్టు అమర్చడం, బాగా వచ్చు. టీ-కోడ్‌లు, అంటే శాప్‌లో ఒక్కో పని తెరిచే పొట్టి కోడ్‌లు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ క్లయింట్ పని అసలు ఎలా జరుగుతుందో కనుక్కోవడం, కనుక్కున్నది రాసి పెట్టడం ఎవరూ నేర్పరు. నా అనుభవంలో ప్రాజెక్టులు దెబ్బతినేది అక్కడే.

నా మొదటి ప్రాజెక్టు ఒక కోళ్ల దాణా ఫ్యాక్టరీలో. సాఫ్ట్‌వేర్‌లో కొనుగోళ్ల భాగం (మాడ్యూల్) నాది. మీటింగ్ రూములో మేనేజర్లు చెప్పింది చాలా తేలిక: లారీ వస్తుంది, కాటా వేస్తాం, సరుకు దింపుకుంటాం, బిల్లు కడతాం. అదే రాసుకున్నాను, అదే కట్టాను. వాడేవాళ్లే సరిచూసే యూజర్ టెస్టింగ్‌లో ఒక్క బిల్లూ సరిపోలేదు. అప్పుడు గేటు దగ్గరికెళ్లి ఒక పూటంతా నిలబడ్డాను. మొక్కజొన్నలో తేమ శాతం చూసి తరుగు తీస్తున్నారు. ఖాళీ సంచుల బరువు విడిగా తీసేస్తున్నారు. లారీలో వచ్చిన బరువు ఒకటి, స్టాకులోకి ఎక్కేది ఇంకొకటి, డబ్బు కట్టేది మూడో లెక్కకు. కాటా గుమాస్తా దగ్గరున్న నోట్‌బుక్కులో ఇదంతా ఉంది. ఆయన్ని మీటింగుకు ఎవరూ పిలవలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు సరిదిద్దడానికి మూడు వారాలు పట్టింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ముందు పని జరిగే చోట నిలబడతాను, తర్వాతే మీటింగ్. చూసింది కాగితం మీద బొమ్మగా గీసి, ఆ పని చేసేవాళ్లకే చూపించి ‘ఇంతేనా, ఇంకేమైనా ఉందా?’ అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకే అసలు సంగతులు బయటికొస్తాయి.

రెండోది, మీటింగ్ అయిన రోజే వెళ్లాల్సిన మెయిల్. ఏం ఒప్పుకున్నాం, ఏం తేలలేదు, ఎవరు ఎప్పటికి చెప్పాలి. పది లైన్లు చాలు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీని విలువ ఏడాది తర్వాత తెలుస్తుంది. 2020 అక్టోబరు 1 నుంచి 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకు ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన ఎలక్ట్రానిక్ బిల్లు) తప్పనిసరైంది. దానికోసం సాఫ్ట్‌వేర్ మార్చడం పాత ఒప్పందంలోదా, కొత్త పనా అన్న ప్రశ్న రాగానే స్కోపు, అంటే ఒప్పుకున్న పని హద్దు, రాసి పెట్టుకున్న టీములు ఆ కాగితం తీసి చూపించగలవు. రాసుకోనివాళ్లకు మిగిలేది వాదనే.

మనవాళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. క్లయింట్ ఏదడిగినా వెంటనే ‘చేసేద్దాం సర్’ అంటాం. కాదంటే మర్యాద కాదనుకుంటాం. ‘రేపు చూసి చెబుతాను’ అనడం కూడా మర్యాదే. లిడ్ల్ లాంటి చోట ఎవరో ఒకరు మొదటి ఏడాదే గట్టిగా కాదనాల్సింది.

పనిముట్ల సంగతికొస్తే, ఎక్సెల్ బాగా వస్తే సగం గండం గడిచినట్టే. పాత సిస్టమ్ నిల్వలూ కొత్త సిస్టమ్ నిల్వలూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన వరుసలు తీయడం అందులోని వీ-లుకప్ (VLOOKUP) ఫార్ములాతోనూ పివట్ టేబుల్‌తోనూ అయిపోతుంది. మిగతావి ప్రాజెక్టులో నేర్చుకోవచ్చు.

శాప్ పాత ఈసీసీ వెర్షన్‌కు మామూలు సపోర్టు 2027 చివరితో ముగుస్తుంది. ఆ వెర్షన్ వాడే కంపెనీల్లో చాలావాటి కొత్త వెర్షన్ మార్పిడి పనుల్లోకి మన పిల్లలు వెళ్తారు. కోచింగ్ సెంటర్లు ఒక్క వారం సిలబస్ పక్కన పెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో కిరాణా హోల్‌సేల్ షాపుకు పంపితే బాగుంటుంది. సరుకు దిగిన దగ్గర్నుంచి బాకీ తీరేదాకా ఏం జరుగుతుందో రెండు పేజీల్లో రాసి తెమ్మనాలి. ఆ రెండు పేజీలనూ దిద్దాల్సింది షాపు యజమాని.