డాక్సీసైక్లిన్ తాగి ఎలుక కుర్రదైపోయిందా? ఆ ఫార్వర్డ్‌లో చెప్పని సంగతులు

"ఏరా, నువ్వు కొన్నాళ్లు ల్యాబులో ఎలుకలతోనే కదా పని చేశావు, ఇది నిజమేనా చూసి చెప్పు" అంటూ మావయ్య ఒక మెసేజ్ పంపారు. అప్పటికే అది ఇంకో రెండు గ్రూపుల్లో నాకు వచ్చి ఉంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: శాస్త్రవేత్తలు ముసలి ఎలుకలను మళ్ళీ కుర్రవాటిగా మార్చేశారు, అందుకు వాడింది మందుల షాపులో దొరికే డాక్సీసైక్లిన్, ఎలుకల ఆయుష్షు రెట్టింపయింది, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ లేవు, స్టెమ్ సెల్ క్లినిక్కుల్లో ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఇదే, కంపెనీలు ఈ విషయాన్ని తొక్కిపెడుతున్నాయి.

చిక్కేమిటంటే ఇందులో చాలావాటికి ఏదో ఒక మూల కాస్త నిజం ఉంది. అలాంటి ఎలుకలు ఉన్నాయి, డాక్సీసైక్లిన్ తాగిన మాటా నిజమే, రెట్టింపు అన్న అంకె కూడా ఒక పరిశోధన పత్రంలో కనిపిస్తుంది. కాబట్టి "అంతా అబద్ధం" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ముందు డాక్సీ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎప్పుడో జ్వరానికి రాసిచ్చిన స్ట్రిప్పు మావయ్య దగ్గర ఇంకా సగం మిగిలి ఉందట.

"మామూలు యాంటీబయాటిక్ తాగించారు, వయసు వెనక్కి వెళ్లింది."

లేదు. ఆ ఎలుకలు మామూలు ఎలుకలు కావు, తిరకాసంతా అక్కడే. 2006లో క్యోటో యూనివర్సిటీలో షిన్యా యమనక, కజుతోషి తకహాషి 24 జన్యువులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ తీసేసి చూసుకుంటూ చివరికి నాలుగింటి దగ్గర ఆగారు: ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్. ఈ నాలుగింటినీ ఎలుక చర్మం నుంచి తీసిన కణాల్లోకి పంపితే అవి పిండదశలో ఉండే మూలకణాల్లాగా (స్టెమ్ సెల్స్ లాగా) మారాయి. ఐపీఎస్ కణాలంటే ఇవే. 2012లో యమనకకు జాన్ గర్డన్‌తో కలిపి నోబెల్ వచ్చింది కూడా ఈ రీప్రోగ్రామింగ్‌కే. అయితే అప్పట్లో ఆ జన్యువులను కణంలోకి మోసుకెళ్లింది రెట్రోవైరస్‌లు. అవి క్రోమోజోముల్లో ఎక్కడ పడితే అక్కడ దూరతాయి, ఒక కణంలో రెండు కాపీలుంటే పక్క కణంలో ఎన్నో ఉంటాయి, పైగా వెయ్యి కణాల్లో ఒక్కటి మారడం కూడా కష్టమే. లివర్ కణం తొందరగా మారుతుందా, రక్తకణం తొందరగా మారుతుందా అని పోల్చి చూద్దామంటే, కనిపించిన తేడా కణం వల్ల వచ్చిందా, వైరస్ వల్ల వచ్చిందా అన్నదే తేలేది కాదు.

ఆ తలనొప్పి పోగొట్టడానికి 2010లో అమెరికాలో కొన్రాడ్ హాకెడ్లింగర్ బృందం, రుడాల్ఫ్ యేనిష్ బృందం విడివిడిగా కొత్త ఎలుకలను తయారుచేశాయి. నాలుగు జన్యువులనూ దండలా ఒకదాని వెనక ఒకటి గుచ్చి, కొలాజెన్ జన్యువు ఒకదాని పక్కన, ప్రతి కణంలోనూ సరిగ్గా ఒకే చోట కూర్చోబెట్టారు. రోజా26 అనే ఇంకో చోట ఆర్‌టీటీఏ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును పెట్టారు. ఈ ప్రొటీన్ ఎలుకది కాదు, మనిషిదీ కాదు. టెట్రాసైక్లిన్ మందును తట్టుకునే బ్యాక్టీరియా నుంచి ఒక ముక్క, హెర్పిస్ వైరస్ నుంచి ఇంకో ముక్క తీసి అతికించిన సరుకు. డాక్సీసైక్లిన్ వచ్చి దానికి అంటుకుంటేనే అది వెళ్లి ఆ దండ ముందున్న స్విచ్‌ను పట్టుకుని నాలుగు జన్యువులనూ ఆన్ చేస్తుంది. డాక్సీ ఆపేస్తే ఆఫ్.

అంటే డాక్సీ ఇక్కడ చేసింది స్విచ్ నొక్కే వేలి పని. మనలోనూ ఆ నాలుగు జన్యువులు ఉన్నాయి, కాదనను, కానీ వాటి ముందు ఈ స్విచ్ లేదు, దాన్ని పట్టుకునే ఆర్‌టీటీఏ కూడా లేదు. వైరింగే లేని గోడ మీద ఎంతసేపు నొక్కితే మాత్రం ఏం వెలుగుతుంది?

నేను ఇలాంటి ఎలుకల కాలనీ ఒకటి కొంతకాలం చూసుకున్నాను. డాక్సీ కలిపిన నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి, చేదు కాబట్టి ఎలుకలు ముట్టుకోవు, అందుకని చక్కెర కలపాలి. వెలుతురు తగిలితే మందు పాడైపోతుందని ప్రతి సీసాకూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి, రెండుమూడు రోజులకోసారి కొత్తగా కలిపి పెట్టేవాళ్లం. ఏ ఎలుకలో ఏ జన్యువు ఉందో మొహం చూసి చెప్పలేం కదా, పుట్టిన పిల్లల చెవి అంచు నుంచి చిన్న ముక్క తీసి, పీసీఆర్ (ఫలానా జన్యువు ఉందో లేదో పట్టే పరీక్ష) చేసి, జెల్ మీద గీతలు చూడాలి. దండ ఉందనే గీత ఒకటి, ఆర్‌టీటీఏ ఉందనే గీత ఇంకొకటి, రెండూ కనపడాలి. ఒకసారి నేను రెండు ట్యూబుల లేబుళ్లు తారుమారు చేశాను, దాంతో ఆర్‌టీటీఏ లేని ఎలుకలు డాక్సీ బోనులోకి వెళ్లాయి. వారాల తరబడి ఆ పసుపు నీళ్లే తాగాయి. వాటికి ఏమీ కాలేదు, తిట్లు మాత్రం నాకు పడ్డాయి. అసలు పొరపాటు జరగకపోయినా ప్రతి ప్రయోగంలోనూ ఇలాంటి తోబుట్టువులను కావాలనే పెడతారు, అదే సీసా, అదే మందు, జన్యువులు మాత్రం ఉండవు. డాక్సీకి సొంతంగా కూడా కొన్ని ప్రభావాలున్నాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను కాస్త ఇబ్బంది పెడుతుంది, అందుకే ఈ జాగ్రత్త. పోలిక కోసం పెట్టిన ఆ కంట్రోల్ ఎలుకలు కుర్రవైపోయి ఉంటే ఫార్వర్డ్ నిజమయ్యేది.

డాక్సీ అవసరమైనప్పుడు డాక్టర్ రాస్తే మంచి మందే. ఊరికే వేసుకుంటే మాత్రం ఎండకు చర్మం కమిలిపోవడం, సరిగ్గా నీళ్లు తాగకుండా మింగి పడుకుంటే అన్నవాహికలో పుండు పడటం, బ్యాక్టీరియా మందుకు అలవాటు పడిపోవడం, ఇవీ వచ్చేవి.

"ఆయుష్షు రెట్టింపయింది."

ఇక్కడ రెండు వేర్వేరు ప్రయోగాలను కలిపి ఒకటి చేసేశారు. మొదటిది 2016లో అమెరికాలోని సాల్క్ సంస్థలో హువాన్ కార్లోస్ ఇజ్పిసువా బెల్మోంటే బృందం చేసినది. వాళ్లు వాడినవి ప్రొజీరియా ఎలుకలు, అంటే జన్యులోపం వల్ల చిన్నప్పుడే ముసలితనం ముంచుకొచ్చేవి. వాటికి వారంలో రెండు రోజులు డాక్సీ ఇచ్చి, ఐదు రోజులు ఆపారు. సుమారు 18 వారాలు బతికేవి 24 వారాల దాకా బతికాయి. గొప్ప ఫలితమే, నాకూ అప్పట్లో ఒళ్లు జలదరించింది. కానీ మామూలు ల్యాబ్ ఎలుక రెండేళ్లకు పైగా బతుకుతుంది. అంటే ఈ "యవ్వనం తిరిగొచ్చిన" ఎలుక ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో నాలుగో వంతు కూడా బతకలేదు.

రెట్టింపు మాట వచ్చింది రెండోదాంట్లో, 2024లో అచ్చయిన పత్రం అది. ఇందులో 124 వారాల వయసున్న మామూలు ముసలి ఎలుకలకు, మూడు జన్యువులను (సీ-మిక్‌ను వదిలేశారు), వాటితోపాటు ఆ ఆర్‌టీటీఏ స్విచ్‌ను వైరస్‌లలో పెట్టి ఎక్కించారు. ఆ తర్వాతే డాక్సీ. ఫలితం: "మిగిలిన" ఆయుష్షు 109 శాతం పెరిగింది. మిగిలిన అన్న మాట ఫార్వర్డ్‌లో ఎక్కడ జారిపోయిందో గానీ, లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది. ఆ జన్యువులు ఎక్కించనివి ఆ వయసు నుంచి దాదాపు 9 వారాలు బతికితే, ఇవి పద్దెనిమిదిన్నర వారాలు బతికాయి. పుట్టినప్పటి నుంచి లెక్కేస్తే 133 వారాలకు బదులు 142 వారాలు, ఏడు శాతం చిల్లర. చిన్న విషయమని అనను, కానీ రెట్టింపు అంటే మనకు తట్టేది ఎనభై ఏళ్ల మనిషి నూట అరవై ఏళ్లు బతకడం కదా.

"ఏ సైడ్ ఎఫెక్టూ లేదు."

ఇది చదివి నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఎందుకంటే ఈ రంగంలో సగం పేపర్లు సైడ్ ఎఫెక్ట్‌ల గురించే. కణం పూర్తిగా వెనక్కి వెళ్లిపోతే అది కుర్ర గుండెకణం అవదు, తాను గుండెకణాన్నన్న సంగతే మరిచిపోయి పిండదశకు చేరుతుంది. పెట్రీ డిష్‌లో అది మంచిదే. బతికున్న ఎలుక పొట్టలో అలా జరిగితే? 2013లో మాడ్రిడ్‌లో మాన్యుయెల్ సెర్రానో బృందం అదే చేసి చూసింది. పలు అవయవాల్లో టెరటోమాలు వచ్చాయి, అంటే అన్ని రకాల కణజాలమూ కలగాపులగంగా పెరిగిన గడ్డలు. ఆ పరిశోధకులకు అది విజయమే, బతికున్న జంతువులోనూ రీప్రోగ్రామింగ్ సాధ్యమేనని తేలింది కాబట్టి. ఎలుకకు మాత్రం కాదు.

పోనీ మధ్యలో ఆపేస్తే క్షేమమా అంటే, 2014లో జపాన్‌లో యసుహిరో యమాడ బృందం వారం రోజులు డాక్సీ ఇచ్చి ఆపేస్తే, కిడ్నీల్లో పిల్లలకు వచ్చే విల్మ్స్ ట్యూమర్‌ను పోలిన గడ్డలు తేలాయి. అంటే సగం వంట కూడా ప్రమాదమే. ఇక్కడో విచిత్రం చెప్పకుండా ఉండలేను: ఆ గడ్డ కణాలనే తీసుకుని మళ్ళీ పూర్తిగా రీప్రోగ్రామ్ చేస్తే, వాటి నుంచి మామూలు కిడ్నీ కణాలు వచ్చాయి. క్యాన్సర్ అంటే జన్యువులో పడిన మచ్చ ఒక్కటే కాదని, జన్యువులు ఏవి తెరుచుకుంటున్నాయి, ఏవి మూసుకుంటున్నాయి అన్నదాంట్లో తప్పు జరిగినా గడ్డలు రావచ్చని దానివల్ల తెలిసింది. ఈ ఎలుకల అసలు విలువ ఇలాంటి వాటిలో ఉంది. ఇక 2023లో స్విట్జర్లాండ్‌లోని అలెహాండ్రో ఒకాంపో బృందం (2016 నాటి ప్రొజీరియా పేపర్ మొదటి రచయిత ఈయనే) ఎలుకలకు డాక్సీ ఆపకుండా ఇస్తే లివర్, పేగులు దెబ్బతిని త్వరగా చనిపోతున్నాయని చూపించింది. రెండు రోజులు ఇచ్చి ఐదు రోజులు ఆపడం వెనక ఉన్న భయం ఇదే.

"కంపెనీలు తొక్కిపెడుతున్నాయి."

దీనికి రెండు ముక్కలు చాలు. ఈ ఎలుకలను, ల్యాబు ఎలుకలను పెంచి పంపే అమెరికా సంస్థ జాక్సన్ లేబొరేటరీ నుంచి పరిశోధకులు ఆర్డర్ పెట్టి తెప్పించుకోవచ్చు. 2022లో ఆల్టోస్ ల్యాబ్స్ అనే కంపెనీ 300 కోట్ల డాలర్లతో మొదలైందే ఈ పని కోసం. ఇంత డబ్బు పోసి ఎవరూ దాచిపెట్టరు.

"స్టెమ్ సెల్ క్లినిక్ ఇంజెక్షన్ కూడా ఇదే."

కాదు, దగ్గరి చుట్టం కూడా కాదు. అలాంటి చోట్ల చాలావరకు చేసేది మన కొవ్వు నుంచో ఎముక మూలుగ నుంచో కణాలు తీసి మనకే ఎక్కించడం, అందులో రీప్రోగ్రామింగ్ ఊసే ఉండదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో కొవ్వు నుంచి తీసిన కణాలను ముగ్గురు మహిళలకు కళ్లలోకి ఎక్కిస్తే, వాళ్ల చూపు తీవ్రంగా దెబ్బతింది. 2017లో ఆ సంగతి వైద్య పత్రికలో వచ్చింది. నిజమైన ఐపీఎస్ కణాలతో పని ఎంత నిదానంగా సాగుతుందో చూడండి: 2014లో జపాన్‌లోని కోబెలో మసయో తకహాషి బృందం మొదటిసారి ఒక రోగికి ఆమె సొంత ఐపీఎస్ కణాల నుంచి పెంచిన రెటీనా పొరను అమర్చింది. రెండో రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యుమార్పులు కనపడేసరికి ఎక్కించకుండా ఆపేశారు. కణాలు సిద్ధంగా ఉన్నా, రోగి ఎదురుచూస్తున్నా సరే.

ఇదంతా ఫోన్‌లో చెప్తే మావయ్య ఓపిగ్గానే విన్నారు. చివర్లో కాస్త ఆగి, "మరి ఆ ఆర్‌టీటీఏ ఏదో మాత్ర రూపంలో దొరకదా?" అన్నారు. దొరకదు మావయ్యా. అది ప్రొటీన్, మింగితే కడుపులోనే అరిగిపోతుంది, కణం తనంతట తాను లోపల తయారుచేసుకుంటేనే పనికొస్తుంది. ఒకవేళ దొరికినా, అది ఆన్ చేయాల్సిన నాలుగు జన్యువుల దండ మీ ఒంట్లో లేదు.