హైబిస్కస్ కమిటీ వారి బిర్యానీ షర్బత్

హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత 14 డిగ్రీలకు పడిపోయింది. దాంతో కొండాపూర్‌లోని మా గేటెడ్ కమ్యూనిటీలో మంకీ క్యాపులు బయటికొచ్చాయి, కుక్కలకు స్వెట్టర్లు వచ్చాయి, కమిటీకి ఆలోచన వచ్చింది. కమిటీకి ఆలోచన రావడం ఎంత ప్రమాదమో మెయింటెనెన్స్ కట్టేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈసారి ఆలోచన పేరు స్పైస్డ్ హైబిస్కస్. క్రిస్మస్ గెట్‌టుగెదర్‌లో ఏటా పోసే అల్లం టీని ఏకగ్రీవంగా రద్దు చేశారు. అల్లం టీ చేసిన నేరమల్లా, దాన్ని చేతిలో పట్టుకుని ఇంతవరకు ఎవరూ ఫొటో దిగకపోవడమే.

హైబిస్కస్ అంటే మందారమేగా అని ముందు పార్కులోని చెట్ల మీద పడ్డారు. పూజకు పూలు కోసుకునే పెద్దావిడలు అడ్డం తిరిగేసరికి వెనక్కి తగ్గి, ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు తెప్పించారు. 200 గ్రాములు 899 రూపాయలు. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో 'హైబిస్కస్ సబ్దరిఫా' అని ఉంది. మీకు తెలిసిపోయింది కదా. గోంగూర! తెలంగాణలో పుంటికూర. పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రబడే రేకలనే ఎండబెట్టి అమ్ముతారు. ఈ మాటే మీటింగులో చెప్పాను. "గోంగూర వేరండీ, ఇది ఇంపోర్టెడ్" అన్నారు కార్యదర్శి గారు, నామీద జాలిపడుతూ.

పాపం, ఆ పానీయానిది తప్పేం లేదు. జమైకాలో దాన్ని సారెల్ అంటారు, అది లేకుండా వాళ్లకు క్రిస్మస్ లేదు. పగటిపూట తగ్గితేనే పూసే మొక్క కాబట్టి సరిగ్గా ఆ రోజులకు కాయ చేతికొస్తుంది. మరిగిన నీళ్లలో దంచిన అల్లం, నాలుగు లవంగాలు, నారింజ తొక్క, కాసిని ఆల్‌స్పైస్ గింజలు, ఈ రేకలు వేసి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున వడగట్టి పంచదార కలుపుతారు. అలవాటున్నవాళ్లు రమ్ము కూడా. అంతే.

ఆల్‌స్పైస్ దగ్గరే మా కోశాధికారి గారి పాండిత్యం బయటపడింది. అది ఒక చెట్టు కాయ. కానీ ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆల్ అంటే అన్నీ, స్పైస్ అంటే మసాలా. మనిషిని బేగంబజారు పంపించి షాజీరా, జాపత్రి, అనాసపువ్వు, మరాఠీ మొగ్గ, రాతిపువ్వు, బిర్యానీ ఆకు, ఏదీ బాధపడకుండా అన్నీ తెప్పించారు. క్లబ్‌హౌస్ వెనకాల పెద్ద అల్యూమినియం గిన్నె పొయ్యెక్కింది. పులుపును అల్యూమినియంలో కాయకూడదని మా అమ్మమ్మకు తెలుసు గానీ ఆవిడ కమిటీ మెంబరు కాదు. మసాలా ఘుమఘుమలకు నాలుగు బ్లాకుల పిల్లలు పళ్లేలతో దిగారు. క్యాటరింగ్ మాస్టర్ గరిటె తిప్పుతూ ఎంతో మర్యాదగా అడిగాడు: "సార్, బాస్మతి ఎప్పుడెయ్యాలె?"

రుచి చూస్తే నాలుక మెలిక తిరిగే పులుపు. వెంటనే ఎవరో తెలివిగా వంటసోడా గుప్పించారు. ఎరుపంతా పోయి, చూస్తుండగానే గిన్నెలో మూసీ ప్రత్యక్షమైంది. "ఇదంతా మన పూర్వీకులకు ఎప్పుడో తెలుసు" అన్నారు రిటైర్డ్ అంకుల్ ఒకాయన. ఏం తెలుసని? మన పూర్వీకులు గోంగూరను పచ్చడి నూరుకుని అన్నంలో కలుపుకున్నారు. వాళ్లకు బుద్ధుంది.

మా గేటు బయట ఒక అవ్వ కూర్చునేది. చేవెళ్ల వైపు నుంచి తెల్లారకముందే బస్సులో మూటతో దిగేది. పుంటికూర మూడు కట్టలు 10 రూపాయలు. పెద్ద పెద్ద కార్లు ఆపి, అద్దం పూర్తిగా కూడా దించకుండా, నాలుగో కట్ట కొసరు వెయ్యమని పీక్కుతినేవాళ్లు. డిసెంబరులో, విత్తనానికి వదిలిన మొక్కల నుంచి ఎర్రకాయలు తెంపుకొచ్చి, "పచ్చడి నూరుకో బిడ్డా" అని ఊరికే పోసేది. అక్టోబరులో కమిటీ ఆమెను లేపేసింది, గేటు లుక్ పాడవుతోందట. ఆ తీర్మానం కింద ఎవరి సంతకాలున్నాయో ఈ 899 రూపాయల బిల్లు మీదా వాళ్లవే ఉన్నాయి. సిగ్గుండక్కర్లేదా? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనంతో పాటు జమైకా చేరిన మొక్క అది. అక్కడా కష్టజీవిదే, ఇక్కడా కష్టజీవిదే. మీకు మాత్రం దాన్ని పండించే మనిషి కనపడకూడదు, గాజుగ్లాసులో రంగు మాత్రం కనపడాలి! పది రూపాయల దగ్గర గీచిగీచి బేరమాడే చెయ్యి అక్కడ క్యూఆర్ కోడ్ మీద ఒక్కసారైనా వణికిందా?

అవ్వ ఇప్పుడు రోడ్డు అవతల, ఫ్లైఓవర్ పిల్లర్ పక్కన దుమ్ములో కూర్చుంటోంది. వెళ్లి కిలో కాయలు కొన్నాను. చాకుతో రేకలు ఒలిచి, స్టీలు గిన్నెలో అల్లం, లవంగాలతో రాత్రంతా నానబెట్టి, బెల్లం కలిపి ఒక జగ్గు క్లబ్‌హౌస్‌కు తీసుకెళ్లాను. కార్యదర్శి గారు రెండు గ్లాసులు తాగి, ఒకదానితో ఫొటో దిగి, ఏ బ్రాండ్ అని అడిగారు. పిల్లర్ పక్కన గోనెపట్టా మీద దొరుకుతుందన్నాను.

"అవునా? డెలివరీ ఉందా?" అన్నారు.