కుక్క మొరిగినట్టు దగ్గు మళ్లీ మళ్లీ వస్తే ఆస్తమానేనా?

"పిల్లలు అర్ధరాత్రి కుక్క మొరిగినట్టు దగ్గితే చలిగాలి తగిలినట్టే. కిటికీలు మూసి ఆవిరి పట్టండి. మళ్లీ మళ్లీ వస్తే అది ఆస్తమా, ఇన్‌హేలర్ వాడండి. ఐదేళ్లొస్తే అదే పోతుంది." ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. దగ్గు ఎలా ఉంటుందో చెప్పిన ముక్క మాత్రం కరెక్టే. దాన్ని క్రూప్ అంటారు.

చలిగాలి? కారణం వైరస్, ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా. పైగా 2023లో ప్రచురితమైన జెనీవా పరిశోధనలో, క్రూప్ మరీ తీవ్రంగా లేని పిల్లలను అరగంట బయటి చలిగాలిలో ఉంచితే ఉపశమనమే కనిపించింది. (అక్కడి చలి పది డిగ్రీల లోపు. మన దగ్గర చాలాచోట్ల రాత్రుళ్లు అంత చల్లగా ఉండవు!)

ఆవిరితో లాభం ఉందని పరీక్షల్లో తేలలేదు. గిన్నె ఒలికితే ఒళ్లు కాలడం మాత్రం ఖాయం. పనిచేసే మందు డెక్సామెథసోన్. బరువును బట్టి డాక్టరు ఇస్తారు, చాలామందికి ఒక్క డోసు చాలు.

అసలు తప్పు ఆస్తమా దగ్గర జరిగింది. ఆస్తమాలో పిల్లికూతలు ముఖ్యంగా గాలి వదిలేటప్పుడు వినిపిస్తాయి. క్రూప్‌లో గరగర శబ్దం గాలి పీల్చేటప్పుడు వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. వాపు ఉండేది గొంతు దగ్గర, స్వరతంతువులకు కాస్త దిగువన. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పనిచేసేది ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల మీద. ఇక దాంతో వాపు ఎలా తగ్గుతుంది? అలర్జీ, ఆస్తమా ఉన్న పిల్లలకు క్రూప్ తిరగబెట్టడం ఎక్కువన్నది నిజమే, కానీ కారణం అదొక్కటే కాదు. పుట్టినప్పుడు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఊపిరి కోసం గొంతులో ట్యూబు వేసి ఉంటే ఆ చోట శ్వాసనాళం ఇరుకై ఉండొచ్చు. కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుండొచ్చు. ఆరు నెలల లోపు పాపైతే అక్కడ రక్తనాళాల గడ్డ ఉందేమో చూడాలి. ఇలాంటివి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందరికీ అవసరం లేదు గానీ, అనుమానం ఉంటే ఈఎన్‌టీ డాక్టరు సన్నటి కెమెరా గొట్టంతో చూస్తారు.

తెల్లారేసరికి పిల్లాడు హాయిగా ఆడుకుంటుంటాడు, డాక్టరుకు వినిపించడానికి ఏమీ మిగలదు. అందుకే రాత్రే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

"ఐదేళ్లొస్తే పోతుంది" అన్నది మామూలు క్రూప్‌కు చాలావరకు నిజం. ట్యూబు వల్ల వచ్చిన ఇరుకు మాత్రం వయసుతో దానంతటదే పోతుందని కూర్చోలేం. ఇక డొక్కలు ఎగరేస్తున్నా, చొంగ కారుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా గాలి పీల్చేటప్పుడు గరగర శబ్దం వినిపిస్తున్నా, పల్లీ గింజ తింటూ ఉక్కిరిబిక్కిరై అప్పట్నుంచే దగ్గు మొదలైనా తెల్లారేదాకా ఆగొద్దు. గొంతులో స్పూన్ పెట్టి చూడొద్దు. పిల్లాణ్ని ఏడిపించకుండా, ఒళ్లో కూర్చోబెట్టుకునే ఆసుపత్రికి తీసుకెళ్లండి.